ఇంటి తొట్టిలో ఆస్కారు చేపలు: ఊరి చెరువుకు చేటు కాకుండ పెంచు విధానము

సికింద్రాబాదు, హైదరాబాదు జంటనగరములలో రంగుచేపలను అద్దపు తొట్లలో పెంచు ముచ్చట చాల ఇండ్లలో కలదు. కొందరు చిన్న చేపలతో తృప్తి పడుదురు. మరికొందరికి పెద్ద చేపలపై మక్కువ ఎక్కువ. అంగడిలో రెండు మూడు అంగుళముల పొడవుండి, నల్లని ఒంటిపై నారింజ రంగు మచ్చలతో, మనిషి కనబడగానే అద్దము కడకు వచ్చి నిలుచు ఆస్కారు పిల్లను చూచినచో ఎవరికైనను కొనవలెనని తోచును. కాని ఏడాది తిరుగునప్పటికి ఆ పిల్ల అడుగు పొడవు చేప అగును. తొట్టి చాలదు. తోడి చిన్న చేపలు ఒక్కొక్కటిగ మాయమగును. అప్పుడు ఇంటివారు చంపుటకు చేతులు రాక, దానిని బకెట్టులో పెట్టుకొని పోయి దగ్గరి చెరువులో విడిచి, ఒక ప్రాణిని కాపాడితిమని తలంతురు.

నిజమునకు అది ఆ చెరువులోని వేలాది ప్రాణులకు, దానిపై బ్రతుకు మత్స్యకారులకు కీడు చేయుటయే. కనుక ఈ చేపలను పెంచదలచినవారు వాటిని బాగుగ పెంచు పద్ధతిని, పిల్లలను తీయు పద్ధతిని, మిగిలిన చేపలను ఏమి చేయవలెనను సంగతిని, ఈ మూడింటిని కొనుటకు ముందే తెలిసికొనవలెను.

సిక్లిడు కుటుంబము

ఆస్కారు చేప సిక్లిడు అను పెద్ద కుటుంబమునకు చెందినది. ఈ కుటుంబములో వేయికి మించిన జాతులు కలవు. ఇవి దక్షిణ అమెరికా, మధ్య అమెరికా, ఆఫ్రికా ఖండములలో విస్తారముగ నున్నవి. మన దేశమున సహజముగ నుండునవి మూడే జాతులు. వానిలో కేరళవారు కరిమీను అని పిలుచు చేప ప్రసిద్ధమైనది. 2010లో ఆ రాష్ట్రము దానిని తమ రాష్ట్ర చేపగ ప్రకటించినది. ఈ మూడు జాతులు సాధువులు. 1952లో మన దేశమునకు తెచ్చిన తిలాపియా కూడ సిక్లిడు చేపయే.

వేటాడు పెద్ద సిక్లిడులలో పెక్కు అమెరికా ఖండములవి. ఆస్కారు అమెజాను నదీ ప్రాంతమునకు చెందినది. సాధారణముగ 30 నుండి 35 సెంటీమీటర్ల పొడవు, ఒక కిలోకు పైబడిన బరువు పెరుగును. మధ్య అమెరికాకు చెందిన జాగ్వారు సిక్లిడు ఇంతకంటె పెద్దది, మిక్కిలి పోట్లాటమారి. తలపై బుడిపెగల ఫ్లవర్ హార్ను ఏ నదిలోను పుట్టినది కాదు. మలేషియాలో 1990 తరువాతి సంవత్సరములలో పలు జాతులను కలిపి తయారుచేసిన సంకరము అది. దానిని తొట్టికి ఒక్కటిగ పెంచవలసి యుండును. వీటన్నిటిలో ఇంటివారి చేతికి కొంత లొంగునది ఆస్కారు. కనుక ఇచ్చట దానిని గురించియే వివరింతుము. శ్రద్ధగ చూచినచో ఇది 10 నుండి 15 ఏండ్లు బ్రతుకును. అనగా దీనిని కొనుట ఒక దూడను ఇంటికి తెచ్చుకొనుటవంటిది. అన్నేండ్లు మేపగలమా యని ముందుగ యోచింపవలెను.

తొట్టి కొలతలు

ఒక జతకు 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు గల తొట్టి కావలెను. ఇందులో సుమారు 450 లీటర్ల నీరు పట్టును. నీరు, అద్దము, గులకరాళ్లు అన్నియు కలిసి అయిదున్నర క్వింటాళ్లు తూగును. కనుక దీనిని చెక్క బల్లలపై పెట్టరాదు. క్రింది అంతస్తులో గట్టి ఇనుప స్టాండుపై, గోడ ప్రక్కన అమర్చుట మేలు. మేడపై పెట్టదలచినచో దూలము ఎచ్చట నున్నదో కట్టిన మేస్త్రీని అడిగి తెలిసికొనవలెను. ఈ చేప ఎగిరి బయట పడును గనుక బరువైన మూత తప్పనిసరి.

ఆస్కారు గులకరాళ్లను త్రవ్వును, మొక్కలను పెరికివేయును, హీటరును మూతితో నెట్టి పగులగొట్టును. కనుక మొక్కలకు డబ్బు ఖర్చు చేయకుడు. హీటరుకు తొడుగు వేయుడు. రాళ్లను ఇసుకపై గాక అద్దముపైననే కదలకుండ నిలుపుడు. లేనిచో చేప త్రవ్వినప్పుడు రాయి దొర్లి అద్దము పగులును.

నీరు పొలమువంటిది

తొట్టిలో చేపలు చచ్చుటకు మొదటి కారణము ఆకలి కాదు, అమ్మోనియా. చేప మొప్పలనుండి, మిగిలిన మేత కుళ్లుటనుండి అమ్మోనియా పుట్టును. రైతు వేసిన యూరియా నేలలో అమ్మోనియాగ మారి, పిమ్మట సూక్ష్మజీవుల వలన నైట్రైటుగను, తుదకు నైట్రేటుగను మారునని మనము ఎరుగుదుము. తొట్టిలోను జరుగునది అదే. అమ్మోనియా, నైట్రైటు రెండును చేపకు విషములు. నైట్రేటు కొంతవరకు సహింపదగినది. ఈ మార్పు చేయు సూక్ష్మజీవులు ఫిల్టరులోని స్పాంజిని, రాళ్లను అంటుకొని బ్రతుకును. అవి కావలసినంతగ పెరుగుటకు 4 నుండి 6 వారములు పట్టును. కొత్త తొట్టిలో నీరు నింపిన మరునాడే చేపలను వదలువారికి చేపలు దక్కకపోవుటకు ఇదియే కారణము. పాత తొట్టి ఫిల్టరునుండి ఒక స్పాంజి ముక్కను తెచ్చి పెట్టినచో, పాలకు తోడు వేసినట్లు, పని త్వరగ సాగును.

450 లీటర్ల తొట్టికి గంటకు 2,000 లీటర్ల నీటిని త్రిప్పు ఫిల్టరు కావలెను. స్పాంజిని కుళాయి క్రింద కడుగరాదు. కుళాయి నీటిలోని క్లోరిను సూక్ష్మజీవులను చంపును. తొట్టినుండి తీసిన నీటిలోనే దానిని పిండవలెను.

వారమునకు ఒకసారి నాలుగవ వంతు నీటిని మార్చవలెను. కుళాయి నీటిని ఒక డ్రమ్ములో పట్టి, 24 గంటలు గాలి పంపు నడిపిన పిమ్మట వాడుట మంచిది. బోరు నీరు వాడువారు మరొక సంగతి గమనింపవలెను. నీటి పి.హెచ్. 7.5 దాటినకొలది అమ్మోనియా మరింత విషమగును. కనుక క్షార గుణముగల బోరు నీరు వాడుచోట మేత మిగులనీయకుండుట, నీరు మార్చుట ఇంకను శ్రద్ధగ జరుపవలెను. తీసిన నీటిని పారబోయక పూలకుండీలకు, పెరటి కూరగాయ పాదులకు పోయుడు. అందలి నైట్రేటు మొక్కలకు ఎరువు. తొట్టిలో మందుగాని, ఉప్పుగాని వేసిన వారము మాత్రము ఆ నీటిని మొక్కలకు పోయరాదు.

ఋతువులు

ఆస్కారుకు 25 నుండి 28 డిగ్రీల సెంటీగ్రేడు వేడి అనుకూలము. సికింద్రాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులలో గదిలోని నీరు 20 డిగ్రీలకు దిగవచ్చును. అప్పుడు చేప మేత మానివేయును, రోగములు సోకును. ఒక పెద్ద హీటరుకు బదులు 150 వాట్లవి రెండు వాడినచో ఒకటి చెడినను రెండవది ఆదుకొనును. ఏప్రిలు, మే నెలలలో ఇందుకు విరుద్ధముగ నీరు వేడెక్కి ప్రాణవాయువు తగ్గును. చేపలు పైకి వచ్చి నోరు తెరచుచున్నచో గాలి పంపును పెంచి, మేత సగమునకు తగ్గింపుడు. కరెంటు పోయినప్పుడు నడచుటకు బ్యాటరీతో పనిచేయు గాలి పంపు ఒకటి ఇంటిలో నుండుట అవసరము.

మేత

వేటచేప యని బ్రతికిన చేపలను వేయుట కొందరికి వేడుక. ఇది మంచిది కాదు. అంగడిలోని చౌక చేపలతో కూడ రోగములు తొట్టిలోనికి వచ్చును. గోల్డుఫిష్షులో విటమిన్ బి1ను నాశనముచేయు పదార్థము కలదు. దానినే మేపినచో ఆస్కారుకు ఆ విటమిను లోపించును. మేకమాంసము, కార్జము వంటివాని కొవ్వు చేపకు అరుగదు. 40 శాతము మాంసకృత్తులు గల గుళికల మేతను ముఖ్యముగ పెట్టి, అప్పుడప్పుడు ఒలిచిన రొయ్యలను, మందులు చల్లని తోటలోని వానపాములను ఇచ్చిన చాలును. పిల్లలకు రోజుకు రెండు మూడు సార్లు, పెద్దవానికి ఒకసారి, రెండు నిమిషములలో తిన్నంత వేయవలెను. వారమునకు ఒక పూట పస్తు మంచిదే. తలపై చిన్న గుంటలు పడు వ్యాధి ఈ చేపలలో తరచు కనబడును. మురికి నీరు, ఒకే రకపు మేత దానికి దోహదము చేయును. మందుకు పరుగెత్తుటకు ముందు నీరు మార్చి, మేత మార్చి చూడవలెను.

జత కుదురుట, గుడ్లు పెట్టుట

ఆస్కారులలో పోతును, పెంటిని పైచూపునకు గుర్తించుట వీలుకాదు. గుడ్లు పెట్టుటకు కొలది దినముల ముందు మాత్రము పొట్ట క్రింద చిన్న గొట్టము వెలికి వచ్చును. పోతుకు సన్నముగ మొనదేలియు, పెంటికి వెడల్పుగ మొద్దుగను ఉండును. కనుక అయిదారు పిల్లలను కలిపి పెంచి, వానిలో రెండు తమంతట తాము జతకట్టువరకు వేచియుండుటయే పద్ధతి. ఆ మిగిలిన నాలుగింటిని తీసికొను అంగడివానితోనో, స్నేహితునితోనో ముందే మాట్లాడి యుంచవలెను. ఏడాది దాటిన చేపలు గుడ్లకు వచ్చును. జతకట్టు చేపలు నోరు నోరు పట్టుకొని పెనుగులాడును. అది కొంతవరకు సహజమే. ఒకటి మూలకు నక్కి, రెక్కలు చిరిగియున్నచో మాత్రము మధ్య అడ్డు పెట్టి విడదీయవలెను.

గుడ్లు పెట్టుటకు నునుపైన పలక రాయి కావలెను. మన ఇండ్లలో సులభముగ దొరకు షాబాదు, తాండూరు బండలు సున్నపు రాళ్లు. నీటిని మరింత కఠినము చేయును. నునుపు చేసిన గ్రానైటు ముక్క మేలు. సందేహమున్నచో రాతిపై నిమ్మరసము చుక్క వేసి చూడుడు. బుసబుస పొంగినచో అది సున్నపు రాయి. నీటిని 28 డిగ్రీల వద్ద ఉంచి, మంచి మేత పెట్టుచు, రెండు మూడు దినములకొకసారి కొంచెము చల్లని నీటితో మార్చినచో, తొలకరి వచ్చినదని తలచినట్లు చేపలు రాతిని మూతితో శుభ్రము చేయ మొదలిడును.

పెంటి వరుసలు వరుసలుగ వేయి నుండి రెండు వేల గుడ్లు పెట్టును. పోతు వెనువెంటనే వానిని ఫలింపజేయును. మొదట తెల్లగ నున్న మంచి గుడ్లు ఒక దినములో గాజువలె తేటపడును. తెల్లగనే మిగిలి, దూదివలె బూజు పట్టునవి చెడిన గుడ్లు. తల్లిదండ్రులు రెండును కాపలా కాయును. కొర్రమీను తన ఎర్రని పిల్లల గుంపును కాచుచు తిరుగుట చెరువు గట్టున చూచినవారికి ఈ వాత్సల్యము కొత్త కాదు. వేట చేపకు తన పిల్లలపై ప్రేమ తక్కువ యనుకొనుట పొరపాటు. ఈ సమయమున తొట్టిలో చేయి పెట్టినచో కరచును.

మొదటి ఈతలో గుడ్లను తామే తినివేయుట సామాన్యము. తరువాత సర్దుకొనును. రెండు మూడు దినములకు గుడ్లు పగులును. పిల్లలు ఈదలేక రాతిని అంటుకొని వణకుచుండును. పెద్ద చేపలు వానిని నోట పట్టి, ఇసుకలో త్రవ్విన గుంటలోనికి మార్చును. మరి అయిదారు దినములకు పిల్లలు ఈదసాగును. అంతవరకు మేత అక్కరలేదు. పొట్టలోని పచ్చసొన చాలును.

పిల్లల పెంపకము

ఈత మొదలిడిన దినము నుండి అప్పుడే పొదిగిన ఆర్టీమియా వేయవలెను. లీటరు నీటికి 25 గ్రాముల అయోడిను లేని ఉప్పు కలిపి, ఒక గ్రాము ఆర్టీమియా గుడ్లు వేసి, 28 డిగ్రీల వద్ద గాలి పంపు నడిపినచో ఒక దినములో పురుగులు వెలువడును. సన్నని గుడ్డలో వడగట్టి, మంచినీటితో కడిగి, రోజుకు నాలుగు సార్లు కొంచెము కొంచెముగ వేయవలెను. రెండు వారముల పిమ్మట పొడి మేతను అలవాటు చేయవచ్చును. పెద్ద పిల్లలు చిన్నవానిని తినును గనుక వారమునకొకసారి పరిమాణమును బట్టి వేరు చేయవలెను.

ఇచ్చట ఒక లెక్క వేసి చూడుడు. పెద్ద చేప ఒక్కొక్కదానికి 200 లీటర్ల చొప్పున, వేయి పిల్లలు పెరుగుటకు 2 లక్షల లీటర్ల నీరు కావలెను. అనగా 10,000 లీటర్ల ట్యాంకర్లు ఇరువది. ఇంత చోటు ఏ ఇంటిలోను లేదు. ఆరోగ్యమైన జత ఏడాదిలో పలుమార్లు గుడ్లు పెట్టును. కనుక ఎన్ని పిల్లలకు కొనువారున్నారో అన్నింటినే పెంచవలెను. అక్కరలేని గుడ్లను మొదటి దినముననే రాతితో కూడ తీసివేసి, ఎండబెట్టి, పాదులో పూడ్చివేయవలెను. పెరిగిన చేపను ఏమి చేయుటయో తోచక బాధపడుటకంటె ఇది మేలైన పని.

అమ్మకము పెట్టుకొనువారు ముందుగ కొనువారిని చూచుకొని, పిదప తొట్లు కొనవలెను. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల యూనిటు ఖర్చును 3 లక్షల రూపాయలుగ లెక్కకట్టి, అందులో సామాన్యులకు 40 శాతము, మహిళలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 60 శాతము సహాయముగ నిర్ణయించిరి. ఇప్పటి నియమములను జిల్లా మత్స్యశాఖ కార్యాలయములో విచారింపుడు.

చెరువులో విడిచినచో ఏమగును?

మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారినచో నీరు క్రింది చెరువుకు చేరును. నీటితో చేపయు చేరును. హుస్సేను సాగరు నీరు మూసీలో కలియును. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. సికింద్రాబాదులో ఒక బకెట్టునుండి విడిచిన చేపకు దారి అచ్చటి వరకు కలదు. ఆస్కారు నీరు సుమారు 13 డిగ్రీలకు చల్లబడినచో గాని చావదు. మన చెరువుల నీరు చలికాలములోను సాధారణముగ అంత చల్లబడదు.

తెలంగాణలో 2016–17లో ఆరంభించిన చేపపిల్లల పంపిణీలో చెరువులలో విడిచిన బొచ్చె, రోహు, మ్రిగాల పిల్లలు కొన్ని 35 నుండి 40 మిల్లీమీటర్లు, కొన్ని 80 నుండి 100 మిల్లీమీటర్ల పొడవుగలవి. వీనిలో చిన్నవి అడుగు పొడవు ఆస్కారుకు ఒక్క గుటక. పరకలవంటి చిన్న చేపలు ఏ సంఘమును విత్తనము వేయకయే చెరువు తానే ఇచ్చు పంట. పేద కుటుంబముల కూరకు ఆధారము అదియే. వేట సిక్లిడు మొదట తినునది వానినే.

ఇది ఊహ కాదు. పనామా దేశములోని గాటూను సరస్సునకు పీకాక్ బాసు అను వేట సిక్లిడు 1967 ప్రాంతమున ఒక చెరువునుండి తప్పించుకొని చేరినది. 1973లో శాస్త్రజ్ఞులు పరిశీలించి ప్రకటించిన నాటికి, అదివరకు విరివిగ నుండిన ఎనిమిది జాతుల చేపలలో ఆరు కనబడకుండ పోయినవి. సుమారు నలువది అయిదేండ్ల తరువాత చూచినను ఆ సరస్సు కోలుకొనలేదు. అమెరికాలోని దక్షిణ ఫ్లోరిడా కాల్వలలో ఆస్కారులే స్థిరపడి సంతానము పొందుచున్నవి.

చిన్న చేపలు పోయినచో దోమల పిల్లపురుగులను తినునవి తగ్గును. 1897 ఆగస్టు 20న సర్ రొనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. ఈ ఊరివారికి దోమకును చెరువుకును గల సంబంధము వేరుగ చెప్పనక్కరలేదు.

మన ప్రాంతమున ఇట్టి అనుభవము ఇప్పటికే కలదు. తొట్టి అద్దముపై పాచిని నాకునని కొనితెచ్చు చేప, పత్రికలు దయ్యపు చేప యని వ్రాయునది, పెరిగిన పిమ్మట చెరువులలో విడువబడి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నీళ్లలో వ్యాపించినది. దాని ముండ్ల రెక్కలు వలలను చింపును. దానిని కొనువారు లేరు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలోని డి.ఎన్.ఏ.ను పరీక్షించి, తూర్పు కనుమల జలాశయములలో దాని వ్యాప్తిని గుర్తించిరి. ఆ చేపను చెరువులో వేసినవారెవ్వరును మత్స్యకారుని వల చింపవలెనని వేయలేదు. చోటు చాలక వేసిరి.

పాటింపవలసిన నియమములు

1. 4 అడుగుల తొట్టి పెట్టలేనివారు ఆస్కారును కొనరాదు.

2. కొనునప్పుడే, పెరిగిన చేపను తిరిగి తీసికొందురా యని అంగడివానిని అడుగవలెను. ఒప్పుకొను అంగడిలోనే కొనవలెను.

3. చెరువు, వాగు, కాల్వ, బావి, నీటికుంట వీనిలో దేనిలోను తొట్టి చేపను విడువరాదు. చిన్నదైనను, ఒక్కటియైనను విడువరాదు.

4. మేడపై తెరచిన తొట్లలో పిల్లలను పెంచరాదు. పెద్దవాన పడినచో పొంగి మురుగుకాల్వలో పడును. పొలములోని నీటికుంటలలో ఈ చేపలను అసలే పెంచరాదు.

5. పిల్లలున్న తొట్టి నీటిని గుడ్డలో వడగట్టిన పిదపనే పారబోయవలెను.

6. చచ్చిన చేపను చెరువులో గాని, మురుగుకాల్వలో గాని వేయక, చెట్టు మొదట లోతుగ పూడ్చవలెను.

7. నయముకాని రోగముతో బాధపడు చేపకు శాంతమైన మరణము కలిగించుటకు పశువైద్యుని సలహా తీసికొనవలెను.

తాను మేపు మనిషిని గుర్తుపట్టు చేపలు తక్కువ. ఆస్కారు వానిలో ఒకటి. చోటును, ఓపికయు గలవారు దానిని తప్పక పెంచవచ్చును. పిల్లలకు జీవశాస్త్రము నేర్పుటకు ఒక జత, దాని గుడ్లు, దాని కాపలా చాలును. అయితే తొట్టి మనది. చెరువు ఊరిది. మన తొట్టిలో పుట్టినది తొట్టిలోనే పెరిగి, తొట్టిలోనే ముగియునట్లు చూచుట ఈ చేపలను పెంచువారి మొదటి బాధ్యత.